పంటి బలం పోగు దారిలో

భారం మితిమీరినప్పుడు గేరు పన్ను సాధారణంగా మొదలు దగ్గరే విరుగుతుంది. పంటిని గోడలో బిగించిన దూలంగా భావించి అమెరికన్ ఇంజనీరు విల్‌ఫ్రెడ్ లూయిస్ 1892లో ప్రతిపాదించిన సూత్రమే గేర్ల లెక్కలకు ఇప్పటికీ తొలి మెట్టు. అయితే పదార్థం అన్ని దిక్కులా ఒకే బలంతో ఉంటుందన్నది ఆ లెక్కకు ఆధారం. ఉక్కు విషయంలో చాలావరకు చెల్లే ఈ ఊహ, పొరమీద పొర పేర్చి వస్తువును తయారుచేసే 3డి ప్రింటింగులో, అందులోనూ పోగులు కలిపిన ప్లాస్టిక్‌తో చేసే గేర్లలో చెల్లదు.

ఇలాంటి మిశ్రమ పదార్థంలో నైలాన్ వంటి ప్లాస్టిక్‌కు కార్బన్ పోగుల సన్నని ముక్కలు కలుపుతారు. కరిగిన ప్లాస్టిక్ నాజిల్ గుండా బయటికి వచ్చేటప్పుడు, సుమారు 7 మైక్రాన్ల మందముండే ఈ పోగులు ఎక్కువగా ప్రవాహ దిశలోనే బారులు తీరతాయి కనుక, నాజిల్ నడిచిన దారి వెంట పదార్థం దృఢంగానూ, దానికి అడ్డంగా బలహీనంగానూ తయారవుతుంది. పొరకూ పొరకూ మధ్య పోగుల ఆసరా దాదాపు ఉండదు, అక్కడి పట్టంతా ప్లాస్టిక్‌దే. అందువల్ల పళ్లు ఇరుసుకు సమాంతరంగా ఉండే స్పర్ గేరును ప్రింటరు బల్ల మీద పడుకోబెట్టి ముద్రించాలి. నిలబెట్టి ముద్రిస్తే కొన్ని పళ్ల మొదళ్లు సరిగ్గా పొరల అతుకు మీద పడి, భారం తగలగానే ఊడివస్తాయి.

కొలతల దగ్గర మరో చిక్కుంది. జత గేర్లు ఒకదానిపై ఒకటి దొర్లుతున్నట్టు ఊహించే పిచ్ వృత్తపు వ్యాసాన్ని పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే కొలతను మాడ్యూల్ అంటారు. అది 1 మి.మీ. అయినప్పుడు పిచ్ వృత్తం మీద పంటి మందం 1.57 మి.మీ. మాత్రమే కనుక, 0.4 మి.మీ. నాజిల్‌తో గీసే గీతలు అందులో నాలుగు కూడా నిండుగా పట్టవు. ఆ కొద్ది గీతలూ పంటి అంచు వెంట మొదలు నుంచి కొసకు ఎక్కి దిగితేనే వంపును పోగులు అడ్డుకోగలుగుతాయి. అంటే నమూనాను పొరలుగా విడగొట్టి నాజిల్‌కు దారి చూపే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌కే గీతల దిశ నిర్ణయాన్ని వదిలేయడం మంచి రూపకల్పన కాదు. చోటుంటే మాడ్యూల్‌ను 2 మి.మీ.కు పెంచి, పంటి మొదట్లో మలుపును గుండ్రంగా తీర్చడం, ఖరీదైన ఫిలమెంట్ (ప్రింటరుకు అందించే ప్లాస్టిక్ తీగ) కొనడం కంటే తరచుగా ఎక్కువ మేలు చేస్తుంది.

పోగుల వల్ల నష్టమూ ఉంది, అమ్మకందారులు దాన్ని అంతగా ప్రస్తావించరు. ఇత్తడి నాజిల్‌ను అరగదీసే ఆ పోగులే, జతగా తిరిగే మెత్తని ప్లాస్టిక్ గేరునూ గీరేస్తాయి. కాబట్టి జతకు నున్నని ఉక్కు గేరును ఎంచుకోవడం క్షేమం. రాపిడి వేడి త్వరగా బయటికి పోక నైలాన్ మెత్తబడుతుంది, గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే పళ్ల మధ్య సందును లోహపు గేర్లలో కంటే కాస్త ఎక్కువే వదలాలి.

లోహంలో కోయడానికి ప్రత్యేక యంత్రాలు కావలసిన హెరింగ్‌బోన్ గేరు మాత్రం ప్రింటర్‌కు పెద్ద శ్రమ కాదు. వి ఆకారంలో ఉండే ఆ పళ్లు నిశ్శబ్దంగా నడవడమే కాక, గేరును ఇరుసు పొడవునా నెట్టే బలాలు రెండు వైపులా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక, ఇళ్లలో తయారైన తొలితరం 3డి ప్రింటర్లలో ఫిలమెంట్‌ను తోసే భాగానికి ముద్రించిన హెరింగ్‌బోన్ గేర్లనే చాలామంది వాడారు.