మిద్దె తోటలో తోడు పంటలు

ఒకదానికొకటి మేలు చేసుకునే మొక్కలను ఒకే మడిలోనో పక్కపక్క తొట్లలోనో పెంచడాన్ని తోడు పంటల సాగు అంటారు. 1591లో చార్మినార్ చుట్టూ రూపుదిద్దుకొన్న హైదరాబాదు పాతనగరంలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నందున కూరగాయలకు మిద్దెయే ప్రధానమైన చోటు. అక్కడి కొద్దిపాటి తొట్లలో ఏ మొక్క పక్కన ఏది ఉండాలన్న ఎంపికకు ఎంతో విలువ ఉంది.

దక్కను నేలకు ఈ ఆలోచన కొత్తది కాదు. జొన్న సాళ్ల మధ్య కంది వేయడం తెలంగాణ మెట్ట రైతులకు తరతరాల అలవాటు. 1972లో ఏర్పడి పటాన్‌చెరు కేంద్రంగా పనిచేస్తున్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా ఈ జంటపై విస్తృతంగా పరిశోధించింది. జొన్న త్వరగా ఎదిగి కోతకు రాగా, నిదానంగా పెరిగే కంది ఆ తరువాత మిగిలిన తేమను, వెలుగును వాడుకుంటుంది గనుక ఒకే నేల రెండు పంటలనూ పోషిస్తుంది.

మిద్దెపైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. బంతి వేళ్లలోని రసాయనాలు టమాటా, వంగ వేళ్లపై బుడిపెలు కట్టించే నులిపురుగులను అణచివేస్తాయి. పైగా శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగులు బంతి పూల వైపు ఆకర్షితమై అక్కడ గుడ్లు పెడతాయి కాబట్టి బంతి ఎర పంటగా, అంటే ప్రధాన పంట మీదికి రావలసిన పురుగును తనవైపు మళ్లించే పంటగా పనిచేస్తుంది. అయితే గుడ్లు, పురుగులు ఉన్న మొగ్గలను ఎప్పటికప్పుడు తుంచివేసినప్పుడే ఆ ఫలితం దక్కుతుంది. కొన్ని కొత్తిమీర మొక్కలను కోయకుండా పూతకు వదిలితే, వాటి తేనె కోసం వచ్చే మిత్రపురుగులు పేనుబంకను అదుపులో ఉంచుతాయి. బొబ్బర, చిక్కుడు వేళ్ల బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుంది. అందులో అధిక భాగం ఆ మొక్కకే చెందుతుంది గనుక, కాపు ముగిశాక కాండాన్ని మొదలంటా కోసి, వేళ్లను మట్టిలోనే కుళ్లనిస్తే తరువాత వేసే గోంగూరకు బలం చేకూరుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఎండాకాలంలో, పడమటి వైపు అల్లించిన బీర పందిరి నీడ లేత ఆకుకూరలను కాపాడుతుంది.

కలపకూడనివీ ఉన్నాయి. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబానికి చెంది, ఎండు తెగులు వంటి జబ్బులను పంచుకుంటాయి కనుక వాటిని ఒకే తొట్టిలో పెట్టరాదు, అదే మట్టిలో వరుసగా వేయరాదు. పుదీనా కాండాలు నేలలో పాకి తక్కిన మొక్కలను కమ్మేస్తాయి. దానికి వేరే కుండీ తప్పనిసరి.

పాతనగరపు వంటింట పుదీనా, కొత్తిమీర తరచుగా పచ్చిగానే పచ్చళ్లలో చేరతాయి. మందు చల్లిన ఆకు నేరుగా కంచంలోకి వచ్చే ప్రమాదాన్ని తగ్గించడానికైనా ప్రతి మిద్దె తోటా తోడు పంటలతో మొదలుకావడం మేలు.