ఈ ఆదివారం ఏ బీచ్‌కి?

వైజాగ్‌లో చదువుతున్నామని ఊళ్లో చెప్తే చాలు, "అయితే రోజూ బీచేనా?" అంటారు. హైదరాబాద్, వరంగల్ వైపు వాళ్లయితే మరీను. పాపం, వాళ్లకి సముద్రం కావాలంటే రాత్రంతా రైలెక్కి బాపట్ల దగ్గర సూర్యలంకకో, ఇక్కడికో రావాలి. మనకి సిటీ బస్సు చాలు. అయినా నాలుగేళ్లున్నా ఆర్కే బీచ్, రుషికొండ తప్ప మూడోది చూడకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు బోలెడుమంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఫస్టియర్ వాళ్ల కోసం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మంచి బీచ్ అంటే దేనికి మంచిది? కూర్చోడానికి బాగున్నది వేరు, నడవడానికి వేరు, నీళ్లలో దిగడానికి వేరు. ఫొటోలో అందంగా ఉన్నచోట దిగడానికి కూడా బాగుంటుందనుకుంటాం చూడండీ, ప్రమాదమంతా అక్కడే. స్నేహితులతో సరదాగా వెళ్లి తిరిగిరాని స్టూడెంట్ల వార్త ఏటా పేపర్లో వస్తూనే ఉంటుంది. వాళ్లందరిదీ మన వయసే.

ఆర్కే బీచ్ కూర్చోడానికి, తినడానికి. మురీ మిక్సర్ పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చుంటే సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది. 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ పక్కనే ఉంది, లోపలికెళ్లి చూడండి. ఇక్కడ ఇసుక ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. దక్షిణం నుంచి తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుకని హార్బర్ గోడలు అడ్డుకుంటాయి, అందుకని పోర్టు దగ్గర తవ్వితీసిన ఇసుకని తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. ఒడ్డు నిటారుగా దిగిపోతుంది కాబట్టి మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు నడుము లోతుకి పోతుంది. పాదాలు తడుపుకోండి, చాలు.

ఉత్తరంగా బీచ్ రోడ్డు పట్టుకుంటే భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. 900కె బస్సు ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవడమే ఒక విహారం. తెన్నేటి పార్కు కింద 2020 అక్టోబరులో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ గాలివానకి కొట్టుకొచ్చి రాళ్లెక్కింది. ఓడనే అలా విసిరేసిన నీళ్లవి. రుషికొండకి అదే ఏడాది బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, ఇవన్నీ చూసి ఇచ్చే గుర్తింపు అది. నీళ్లలో దిగాలని పట్టుపడితే లైఫ్‌గార్డులున్న వేళలో, జెండాలు కట్టిన హద్దులో ఇక్కడే దిగండి. జనం ఎక్కువే మరి, ఏం చేస్తాం!

నా ఓటు మాత్రం అక్కడి నుంచి ముందుకి. మంగమారిపేట దగ్గర ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గితే సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం దగ్గరగా కనిపిస్తుంది. రోడ్డుకి అవతల కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు, పాత బంగళాలు. నడిచేవాళ్లకి దీన్ని మించింది లేదు. నదీముఖం దగ్గర మాత్రం నీళ్లలోకి వద్దు, అక్కడి ప్రవాహం మన మాట వినదు.

దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ దాటితే యారాడ. మూడువైపులా కొండలు, ముందు సముద్రం. అందంలో దీనికే మొదటి మార్కు, దిగడానికి సున్నా. అప్పికొండకీ అదే మాట. పాత శివాలయం చూడండి, ఒడ్డున కూర్చోండి.

ఇంతకీ సముద్రం మనిషిని లోపలికి ఎలా లాగుతుంది? కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లన్నీ ఎలాగో వెనక్కి పోవాలి కదా. అవి ఇసుకలో పల్లంగా ఉన్న సన్నటి దారి వెతుక్కుని, లేదా రాళ్ల పక్క నుంచి, జోరుగా లోపలికి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో లోతు ఎక్కువ కాబట్టి అల అక్కడ విరగదు. రెండుపక్కలా తెల్లటి నురగ, మధ్యలో నున్నగా, కాస్త ముదురు రంగులో నీళ్లు. చూసేవాడికి అదే ప్రశాంతంగా కనిపించి, సరిగ్గా అక్కడే దిగుతాడు! మన తీరంలో కొండలు సముద్రంలోకి చొచ్చుకొచ్చి, మధ్య మధ్య చిన్న చిన్న బీచ్‌లున్నాయి. ఇలాంటి దారులకి అది అనువైన చోటు. బాపట్ల వైపు డెల్టా నేల కాబట్టి వాలు తక్కువ. అలాగని అక్కడా ప్రాణాలు పోకుండా లేవు.

రిప్ మనిషిని కిందికి ముంచదు, దూరానికి తీసుకెళ్తుంది, అంతే. చచ్చేది ఒడ్డు వైపు ఎదురీది అలసిపోయి. చిక్కుకుంటే వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి అరవండి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, నురగ కనిపించే చోట అలలతో పాటు బయటికి రావాలి. ఒడ్డునున్న స్నేహితుడు వెంటనే దూకకూడదు. ఒకడి కోసం ఇంకొకడు పోయిన కథలే ఎక్కువ. లైఫ్‌గార్డునో, జాలర్లనో కేకెయ్యాలి, తేలే వస్తువేదైనా విసరాలి, 112కి ఫోన్ చెయ్యాలి.

వెళ్లేముందు ఇన్‌కాయిస్ హెచ్చరికలు చూసుకోండి. సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని దేశం మొత్తానికి అలల జోస్యం చెప్పే సంస్థ అది. మన బ్రాంచి వాళ్లు కొందరు ఇంటర్న్‌షిప్‌కి అటు చూడొచ్చు కూడా. జూన్ నుంచి డిసెంబరు మొదటివారాల దాకా రుతుపవనాలు, తుపానులు. ఆ నెలల్లో సముద్రాన్ని దూరం నుంచే చూడాలి. సంక్రాంతి వెళ్లాక హాయిగా ఉంటుంది. మనది తూర్పు తీరం, సూర్యాస్తమయం కొండల వెనకాల అయిపోతుంది కాబట్టి అలారం పెట్టుకుని తెల్లవారేసరికే చేరుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు హేచరీల్లో పొదిగించి పిల్లల్ని నీళ్లలోకి వదులుతారు. అదృష్టం బాగుంటే మీ కళ్లముందే వదలొచ్చు. ఫ్లాష్ మాత్రం వెయ్యకండి, వెలుగు చూసి అవి దారి తప్పుతాయి.