శామీర్‌పేట గుండ్లనుండి అనంతగిరి నల్లరాతిదాక

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో నిన్నమొన్నటి వరిమళ్ళ నడుమ లేచిన కొత్త కాలనీలలో ఇంటికొకరు కాకున్నను వీథికొకరైనను పరదేశమున కొలువు చేయుచుండుటచేత, సెలవు దినములు వచ్చెననగానే వారు పంపిన ఫ్యూజీ పర్వతపు ఛాయాచిత్రములు చేతిఫోనులలో మెఱయుటయు, వానిని చూచిన పెద్దలు "మన దిక్కు ఏమున్నయి, గుట్టలు బండలు తప్ప" అని పెదవి విఱుచుటయు పరిపాటి యైనది. ఆ పెదవివిఱుపుతో నాకు పేచీ కలదు. అగ్నిపర్వతముల సీమలో ఆలుబిడ్డలతో కారులో తిరుగుట మిక్కిలి రమ్యమైన వినోదమే, కాదనను. కాని అగ్ని ప్రసవించిన భూమిని చూచుటకు సముద్రములు దాటనక్కఱ లేదు. శామీర్‌పేటలో ప్రొద్దున కాఫీ త్రాగి బయలుదేరినవాడు మధ్యాహ్న భోజనమునకు లావా మీద కూర్చుండవచ్చును. అది చల్లారి 6.6 కోట్ల సంవత్సరములైనది, అంతియే భేదము.

ముందుగా జపాను మాట. టోక్యోలో ఎదోగావా వార్డునందలి నిషి-కసాయి పేట భారతీయులకు, అందును సాఫ్ట్‌వేరు ఉద్యోగులకు, పెట్టినది పేరు. అందున్న మన తెలుగు కుటుంబములు శని, ఆదివారములు కలిసివచ్చినచో అద్దె కారు తీసికొని హకోనే కొండలకో ఫ్యూజీ సరస్సులకో పోవుట సాధారణము. అచ్చట కూడ బండ్లు మనవలెనే రహదారికి ఎడమ ప్రక్కన నడచును. 1949 నాటి జెనీవా ఒప్పందము ననుసరించి మన రవాణా కార్యాలయము వారిచ్చు అంతర్జాతీయ లైసెన్సు అచ్చట చెల్లును. కనుక ఇచ్చట షాపూర్‌నగర్ రద్దీలో చేయి తిరిగినవానికి అచ్చటి దారులు కష్టము గావు. హకోనేలోని ఓవకుదాని లోయలో నేల చీలికలనుండి గంధకపు పొగలు నిరంతరము వెలువడుచుండును. ఆ వేడి నీటిలో ఉడికించిన గ్రుడ్ల పెంకులు నల్లబడును. ఒక్కటి తిన్నచో ఆయుస్సు ఏడేండ్లు పెరుగునని అచ్చటివారు చెప్పుదురు. 3,776 మీటర్ల ఫ్యూజీ మీద సుమారు 2,300 మీటర్ల ఎత్తువఱకు బండి పోవు దారి కలదు. దక్షిణమున క్యూషూ ద్వీపమందలి ఆసో మరింత విచిత్రము: పూర్వమెప్పుడో మహావిస్ఫోటనము జరిగి నేల క్రుంగగా ఏర్పడిన, ఉత్తర దక్షిణములుగా 25 కిలోమీటర్ల పొడవుగల ఆ పెనుగుంటలో వరిపొలములును, పట్టణములును, రైలుమార్గమును కలవు, వేలకొలది జనులు అందే కాపురముందురు, నడుమ నకదాకే అను శిఖరము నేటికిని పొగ విడుచుచునే యుండును.

ఆ దేశమున ఇంత అగ్ని ఎందుకన్నచో, పసిఫిక్ సముద్రపు అడుగు పలక ఏటికి ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల చొప్పున వచ్చి జపాను క్రిందికి దిగబడుచున్నది. అది తనతో కొనిపోయిన నీరు లోతున ఆవిరియై పైనున్న శిలను తాకగా ఆ శిల తక్కువ వేడికే కరగి పైకి తన్నుకొనివచ్చును. అందుచే ఆ దేశమున 111 సజీవాగ్నిపర్వతములు లెక్కకు వచ్చినవి. వాని ముచ్చట ఎప్పుడును ముచ్చటగానే యుండదు: 2014 సెప్టెంబరు 27న ఒంతాకే పర్వతము, శిఖరమున యాత్రికులుండగనే, పేలగా అఱువదిమందికి పైగా మరణించిరి, కొందఱి జాడయే దొరకలేదు. సౌందర్యమునకు అచ్చట వెల కలదు.

ఇఁక మన దారికి వత్తము. శామీర్‌పేట చెఱువు గట్టునుండి కరీంనగరము పోవు రాజీవ్ రహదారిని చూచినను, మేడ్చల్ వద్ద నాగపురము పోవు జాతీయ రహదారిని చూచినను, కంటికి ముందు కనబడునవి గుండ్లు. ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లు నిలిచిన గుండ్లు, వాని క్రింద విశాలముగా పఱచుకొన్న పరుపుబండలు. ఇవియు ఒకప్పుడు ద్రవమే. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట, భూమిపై చెట్టుగాని చేపగాని లేని కాలమున, కరగిన శిల నేలపైకి రాక కిలోమీటర్ల లోతుననే చిక్కుకొని, లక్షల యేండ్లు మెల్లమెల్లగా చల్లారుటచే అందలి ఖనిజములు పెద్ద పెద్ద స్ఫటికములుగా ఎదిగినవి. కనుకనే మన గ్రానైటులో గులాబి వన్నె ఫెల్డ్‌స్పార్, గాజువంటి క్వార్ట్జ్, నల్లని అభ్రకము వేఱువేఱుగా కంటికి కనబడును. పైనున్న భూభారమంతయు కోట్ల యేండ్ల వానకు కొట్టుకొనిపోయిన పిదప, ఒత్తిడి తగ్గిన శిల పగుళ్ళువాఱెను. ఆ పగుళ్ళలో నీరు దిగి అంచులు కరగి, ఉల్లిపొరలవలె పైపొరలు రాలిపోగా మిగిలిన గర్భములే ఈ గుండ్లు. ఎవరును పేర్చలేదు, ఉన్నచోటనే చెక్కబడినవి.

ఈ గ్రానైటును కోసికొని అక్కడక్కడ నల్లని రాతికట్టలు గోడలవలె మైళ్ళకొలది సాగుచుండును. అవి డోలరైటు శిలలు: గ్రానైటు గట్టిపడిన పిదప చాలకాలమునకు దాని చీలికలలోనికి మరల ఎక్కివచ్చి అచ్చటనే గట్టిపడిన శిలాద్రవము. హైదరాబాదు చుట్టుపట్ల ఇట్టివి పెక్కులు. కాని రాతిని రాతిగా చూచు తీఱిక నేడెవరికున్నది? క్రషరు యంత్రములకు కంకరగా తప్ప మనకు గుట్ట కనబడుట మానివేసినది. 1996లో నగరమున స్థాపితమైన శిలాసంరక్షణ సంఘము వారు కొన్ని గుండ్లను వారసత్వపు జాబితాకెక్కించుటకు పడిన శ్రమను తలచికొన్నచో, 250 కోట్ల యేండ్ల వస్తువును కాపాడుటకు కాగితములు కావలసివచ్చెనే అని నవ్వును దుఃఖమును ఒక్కమాఱే వచ్చును.

శామీర్‌పేట వద్దనో మేడ్చల్ వద్దనో అవుటర్ రింగు రోడ్డెక్కినచో దుండిగల్, పటాన్‌చెరు, నార్సింగి మీదుగా అప్పా కూడలి చేరవచ్చును. ఈ భాగమును గూర్చి చెప్పుటకేమియు లేదు. ఎనిమిది వరుసల దారి, టోల్ గేటు, నిద్రపోవు పిల్లలు. అప్పా కూడలి దాటి మొయినాబాదు ముఖముగా తిరిగినపిదప మాత్రము లేపవలెను. ఈ దారికి ఒక వంక ఉస్మాన్ సాగరము, ఒక వంక హిమాయత్ సాగరము. 1908 సెప్టెంబరులో మూసీ నగరమును ముంచిన తరువాత కట్టించిన ఆ రెండు జలాశయములలో మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. మన్నెగూడ వఱకు దారి కిరువైపుల వందలకొలది మఱ్ఱిమానులు నీడ పట్టుచుండును. రహదారి విస్తరణకై వానిని కొట్టవలెనా నిలుపవలెనా అను వివాదము న్యాయస్థానముల మెట్లెక్కినదని పాఠకులెఱుగుదురు.

చేవెళ్ళ ప్రాంతమున ప్రయాణికుడు చెట్లనుండి చూపు దించి నేలను చూడవలెను. అంతవఱకు ఎఱ్ఱగా, గరుసుగా, ఇసుక కలిసియున్న మట్టి క్రమముగా నలుపెక్కును, గుండ్లు మాయమగును, కొండలు గుండ్రదనము కోల్పోయి, తలలు చదునుగా, ప్రక్కలు మెట్లుమెట్లుగా కనబడును. "తాతా, మట్టి ఎందుకు నల్లగైంది?" అని మనుమరాలడిగినచో, చిన్ననాడు నాగలి పట్టిన తాత తడుముకొనక "అది చెలక, ఇది రేగడి బిడ్డా, ఇండ్ల పత్తి, శెనగ మంచిగ పండుతయి" అని చెప్పును. భూగర్భశాస్త్రజ్ఞుడు ఇదే విషయమును గ్రానైటు సరిహద్దు, బసాల్టు సరిహద్దు అని పటములో గీత గీసి చూపును. 1818లో లాంబ్టన్ గారి త్రికోణమితి సర్వేతో చేరిన వైద్యుడు హెన్రీ వోయిసీ, నిజాము రాజ్యపు శిలలను తొలుత శాస్త్రరీతిని పరిశీలించినవాడు, ఇట్టి నేలలమీదనే గుఱ్ఱముపై తిరిగియుండెను. తాత చూపునకును శాస్త్రజ్ఞుని చూపునకును గీత ఒక్కచోటనే పడుట గమనింపదగినది.

ఆ నల్లని నేలయే లావా. 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భారత భూఖండము ఆసియాను ఇంకను చేరక, నేటి హిందూ మహాసముద్రమున ఉత్తరమునకు తేలివచ్చుచుండగా, రియూనియన్ ద్వీపము క్రిందనున్న అగ్నిస్థానము మీదుగా సాగవలసివచ్చెను. అప్పుడు నేల శిఖరమై లేవలేదు; పొడవైన చీలికలుగా విచ్చికొనెను. ఆ చీలికలనుండి పలుచని లావా వరదవలె పొరలి పల్లములు నింపి, కొండలు కప్పి, ఒక పొర ఆరిన పిదప మఱియొక పొరగా పరచుకొనెను. ఇందధికభాగము పది లక్షల యేండ్ల లోపుననే జరిగినదని నేటి కాలనిర్ణయము. భూచరిత్రలో అది రెప్పపాటు. నేటికి మిగిలిన భాగమే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమలలో దాని మందము రెండు కిలోమీటర్లకు మించును. మన వికారాబాదు దాని ఆగ్నేయపు అంచు, కనుక ఇచ్చట పొర పలుచన. అయినను ఆ ప్రవాహపు శక్తి ఎట్టిదన్న, ఏదో ప్రాచీన నదీమార్గము పట్టుకొని వేయి కిలోమీటర్ల దూరము పాఱి రాజమహేంద్రవరము చెంతకు చేరినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అచ్చట గోదావరి కిరువైపుల బసాల్టు రాళ్ళు నేటికిని క్వారీలలో త్రవ్వుచున్నారు. రియూనియన్ ద్వీపమున ఆ అగ్ని ఇప్పటికిని ఆఱలేదు. అందలి పితోన్ దె లా ఫూర్నేజ్ తఱచుగా లావా గ్రక్కుచునే యున్నది.

ఇచ్చట ఒక విశేషము చెప్పక తప్పదు. జపానులోని పెక్కు అగ్నిపర్వతములు ఆండెసైటు అను జిగట లావాతో ఏర్పడినవికాగా, ఫ్యూజీ మాత్రము ముఖ్యముగా బసాల్టు. అనగా ఆ జగత్ప్రసిద్ధ శిఖరమును, వికారాబాదు రైతు పొలము గట్టున విసరివేసిన నల్లరాయియు ఒకే జాతివి. అది శిఖరమై నిలుచుటకు కారణము, ఒకే బిలమునుండి మాటిమాటికి లావాయు బూడిదయు ఎగసి చుట్టును పడి పేరుకొనుట. 1707లో కడపటి సారి ఎగసినపుడు ఆ బూడిద నేటి టోక్యోయైన ఎదో నగరము మీద గూడ కురిసినది. మనదానికి బిలము లేదు, శంకువు లేదు. అందుచేతనే అది అగ్నిపర్వతమని మనకు తోచదు. వికారాబాదు దాటి ఘాట్ రోడ్డెక్కునపుడు దారి కోసిన చరియలయందు ఆ నల్లరాతిని చేతికి తీసికొని చూడుడు: స్ఫటికములు కంటికి ఆనవు, ఏలన అవి ఎదుగుటకు వ్యవధి లేకయే రాయి గట్టిపడినది, కొన్నిట చిన్న చిన్న రంధ్రములుండును, అవి లావాలో చిక్కిన వాయుబుద్బుదములు, కొన్ని రంధ్రములలో తెల్లని ఖనిజము నిండియుండును. ఉదయమున చూచిన శామీర్‌పేట గ్రానైటు ముక్క ఒకటి కారులో నున్నచో, రెంటిని పిల్లల రెండు చేతులలో నుంచి చూపుట ఏ పాఠ్యపుస్తకమునకును సాధ్యము కాని బోధన.

పరిగి దారిలోని నస్కల్ గ్రామము ఇంతకంటె గొప్పది. ఒక లావా పొరకును మఱియొక పొరకును నడుమ వ్యవధి కలిగినప్పుడు చల్లారిన నేలమీద మడుగులేర్పడి, చేపలు, కప్పలు బ్రదికినవి. ఆ మడుగుల బురద తరువాతి లావా క్రింద కప్పబడి రాయి యయ్యెను. నస్కల్ వద్ద ఆ బురదరాతిని కడిగి జల్లించి, జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని గారలు మిల్లీమీటర్ల ప్రమాణముగల దంతములను వెలికితీసి, అవి రాక్షసబల్లుల కాలాంతమున నివసించిన ఒక చిన్న క్షీరదమువని 1988లో 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. భారతదేశమున క్రెటేషియస్ యుగపు క్షీరదము దొరకుట అదియే ప్రథమము. దానికి దక్కన్ పేరును, నాగపురమున శిలాజములు సేకరించిన మతబోధకుడు హిస్లాప్ పేరును కలిపి 'డెక్కనోలెస్టిస్ హిస్లాపి' అని నామకరణము చేసిరి. చుట్టును భూమి మండుచుండగా ఎలుకంత ప్రాణి యొకటి వికారాబాదు మడుగు గట్టున పురుగులను ఏరుకొని తినుచుండెనన్న తలంపు, నావఱకు ఫ్యూజీ దర్శనమునకు ఏమాత్రము తీసిపోదు.

అనంతగిరి మీద రాయి మరల ఎఱ్ఱబడును. ఇది చెలక యెఱుపు గాదు. బసాల్టే యుగయుగముల వానకు కుళ్ళి, సులభముగా కరగునవి పోయి, ఇనుము మిగిలి లాటరైటుగా మారినది. రంధ్రమయమైన ఆ శిల వాననీటిని లోనికి పీల్చి, క్రిందనున్న గట్టిపొర తగిలినచోట బుగ్గలుగా విడుచును. మూసీ ఈ కొండలలో పుట్టి హైదరాబాదు మీదుగా పోయి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. అడవి గాలి ఆరోగ్యకరమని నిజాము కాలమున ఇచ్చట క్షయరోగులకు చికిత్సాలయము నిర్మించిరి. అనంతపద్మనాభస్వామి ఆలయము అంతకంటె ప్రాచీనము. ఇంకను ఓపిక యున్నవారు తాండూరు వఱకు పోయినచో లావాకంటె ఎంతో ముందటి సముద్రము అడుగున పేరుకొన్న నాపరాళ్ళను, మన ఇండ్లలో పఱచుకొన్న ఆ బండలనే, గనులలో చూడవచ్చును; 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పును కొని తెచ్చుకొనవచ్చును.

వానలు తొలకరించి పది దినములైన పిదప పోవుట మేలు. చరియలు కడిగినట్లుండి శిల రంగులు తేటపడును. వంపులలో బండి నిలుపరాదు. కోతులకు తిండి పెట్టరాదు. పర్యాటక శాఖవారికి నా విన్నపము మాత్రమొకటి కలదు. ఆసో సీమను యునెస్కో ప్రపంచ భూ ఉద్యానముగా గుర్తించినది. మనకు అంత వైభవము ఇప్పుడే వలదు. చేవెళ్ళ దారిలో గ్రానైటు ముగిసి బసాల్టు మొదలగు తావున ఒకటి, నస్కల్ ఊరి ముందట ఒకటి, ఎనిమిదవ తరగతి పిల్లవానికి అర్థమగు తెలుగులో రెండు రాతిపలకలు నాటించినచో చాలును. ఆ రాయి ఎచ్చటినుండియు కొని తేనక్కఱ లేదు.