మీకు తెలుసా? ఇంగువ సంగతి యాప్ చెప్పకపోవచ్చు

సీలియాక్ జబ్బు ఉన్నవారికి గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ చిన్నపేగు లోపొరను దెబ్బతీస్తుంది. జీవితాంతం దాన్ని మానడమే చికిత్స. ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే గ్లూటెన్ ఉందో లేదో చెప్పే యాప్‌లు ఇలాంటివారికి పెద్ద ఆసరా. అయితే యాప్ ఆహారాన్ని పరీక్షించదు. ఎవరో నమోదు చేసిన వివరాన్నే చూపిస్తుంది. 2012లో ఫ్రాన్స్‌లో మొదలైన ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ అనే ఆహార వివరాల డేటాబేస్‌లో ఎవరైనా వాలంటీర్‌గా ఆ వివరాలు చేర్చవచ్చు. కంపెనీ దినుసులు మార్చినా, తెరమీద పాత జాబితాయే మిగిలిపోవచ్చు.

అలాంటప్పుడు లేబుల్ చదువుకుంటే చాలదా అని అడగవచ్చు. సన్నటి అక్షరాల మధ్య ‘మాల్ట్’ కనిపిస్తే అది సాధారణంగా బార్లీదేనని ఎందరికి తడుతుంది? అక్కడ యాప్ నిజంగా పనికొస్తుంది. అసలు చిక్కు ప్యాకెట్ కనబడని చోట వస్తుంది. పులిహోరలో గోధుమ ఎక్కడుంటుంది అనుకుంటాం. కానీ దాని పోపులో ఇంగువ వేస్తారు, బజారులో దొరికే ఇంగువల్లో చాలావాటికి మైదా కలుపుతారు. హోటల్ పులిహోరకు బార్‌కోడ్ ఉండదు, వంటవాణ్ణి అడగాల్సిందే. ఇక ప్యాకెట్ల విషయంలో, యాప్ వద్దంటే మానేయండి. సరేనంటే మాత్రం, చేతిలో ఉన్న ప్యాకెట్ మీది దినుసుల జాబితా చదివాకే కొనండి.