కత్తెర పురుగు కణాల చావు లెక్క

కత్తెర పురుగు అంటే మొక్కజొన్న రైతుకు చిల్లులు పడ్డ ఆకులు, తినేసిన మొవ్వు గుర్తుకొస్తాయి. మన దేశంలో 2018లో కర్ణాటకలో మొదట కనబడి, చూస్తుండగానే తెలుగు రాష్ట్రాల చేలకూ పాకింది. అంతకు చాలాముందే, 1970లలో, అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు దాని ప్యూపా అండాశయాల నుంచి కణాలు తీసి గాజుపాత్రల్లో పెంచారు. ఆ కణాల్లో ఒకే ఒక్క కణం సంతతిని తర్వాత వేరుచేశారు. దాని పేరు ఎస్ఎఫ్9. కోవిడ్ కాలంలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కోవోవాక్స్ టీకాలోని ప్రొటీన్ ఈ కణాల్లో పుట్టిందే. పంటను నాశనం చేసే పురుగు మనిషి ప్రాణానికి రక్షగా నిలిచింది.

ఈ కణాలను బతికించడం పెద్ద కష్టం కాదు. 27, 28 డిగ్రీల వేడి, కాస్త పుల్లటి పోషక ద్రవం, చాలినంత ఆక్సిజన్ ఉంటే చాలు. క్షీరదాల కణాలకు అలవాటైన కార్బన్ డయాక్సైడ్ గాలి కూడా వీటికి అక్కర్లేదు. కొత్త ద్రవంలో కొంతసేపు స్తబ్ధుగా ఉండి, ఆపైన రోజుకొకసారి రెట్టింపవుతాయి. మిల్లీలీటరుకు ఐదు లక్షలతో మొదలుపెడితే ఐదారు రోజుల్లో కోటి దాకా చేరుతాయి. ఆ తర్వాత గ్లూకోజ్, గ్లుటమిన్ వంటి పోషకాలు అడుగంటుతాయి. ఎదుగుదల ఆగి, మరణాలు మొదలవుతాయి.

అసలు విద్య అంతా ఆ మరణాల దగ్గరే ఉంది. కణం ఏ కారణంతో, ఏ గంటలో చనిపోయిందన్నదాన్ని బట్టే మందు చేతికి రావడం, రాకపోవడం.

ఆక్సిజన్ తగ్గితే కణం గ్లూకోజ్‌ను సరిగా వాడుకోలేక లాక్టేట్‌ను వదులుతుంది. సరే, ఎక్కువ గాలి ఊదుదామా అంటే అక్కడా ప్రమాదమే. ద్రవాన్ని కలిపే రెక్కలే కణాలను చంపుతాయనిపిస్తుంది గానీ, వాటికన్నా పైకి తేలి పగిలే బుడగలే ఎక్కువ హాని చేస్తాయి. బుడగకు అతుక్కుని పైకొచ్చిన కణం, అది పేలినప్పుడు పుట్టే ఒత్తిడికి చీలిపోతుంది. అందుకే ప్లురోనిక్ ఎఫ్-68 అనే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. అది కణాలను బుడగలకు అంటుకోనివ్వదు. ఇంత చిన్న ఉపాయం లేకపోతే పెద్ద తొట్లలో ఈ పరిశ్రమ నిలబడేదే కాదని నా నమ్మకం.

ఇవి తప్పించాల్సిన చావులు. కోరి తెచ్చే చావు మరొకటి ఉంది. అది బాక్యులోవైరస్ తెచ్చేది. మన రైతులు శనగపచ్చ పురుగు మీద, లద్దె పురుగు మీద చల్లే ఎన్‌పీవీ ద్రావణంలో ఉండేదీ ఈ కుటుంబపు వైరస్సే. జబ్బుచేసిన పురుగు మొక్క కొసకు ఎక్కి తలకిందులుగా వేలాడి, లోపలంతా నీరై కారిపోతుంది. ఆ ద్రవంలోని వైరస్ ఎండకు చెడకుండా పాలీహెడ్రిన్ అనే ప్రొటీన్ పెట్టె కాపాడుతుంది. తొట్టిలో ఎండ లేదు, ఆ పెట్టె అవసరమూ లేదు. 1983లో గేల్ స్మిత్, మ్యాక్స్ సమ్మర్స్ బృందం పాలీహెడ్రిన్ జన్యువు స్థానంలో మానవ ఇంటర్ఫెరాన్ జన్యువును పెట్టి, పురుగు కణం చేత మనిషి ప్రొటీన్ తయారుచేయించింది.

వైరస్ సోకిన కణం విభజన ఆపేస్తుంది. కేంద్రకం ఉబ్బుతుంది, కణం లావెక్కుతుంది, ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది. మనకు కావలసిన ప్రొటీన్ దాదాపు ఒక రోజు గడిచాకే జోరుగా పుడుతుంది. కణం అప్పటిదాకా బతికి ఉండాలి. కానీ సోకిన కణానికి తనను తానే ముక్కలు చేసుకుని చనిపోయే రక్షణ గుణం ఉంది. తాను పోయి, వైరస్‌ను పక్క కణాలకు పాకనివ్వని త్యాగమది. వైరస్ దగ్గర దానికీ విరుగుడుంది. పీ35 అనే జన్యువు ఆ ఆత్మహత్యను ఆపుతుందని 1991లో లోయిస్ మిల్లర్ ప్రయోగశాల కనిపెట్టింది. అది లోపించిన వైరస్ సోకితే ఈ కణాలు త్వరగా విచ్ఛిన్నమై, దిగుబడి పడిపోతుంది.

వైరస్ ఎప్పుడు కలపాలన్నది మరో చిక్కు. కణాలు బాగా చిక్కబడ్డాక కలిపితే ఎక్కువ ప్రొటీన్ రావాలి కదా! రాదు. అప్పటికే పోషకాలు తగ్గి ఒక్కో కణం ఇచ్చేది పడిపోతుంది. అందుకే కణాలు ఇంకా జోరుగా పెరుగుతున్నప్పుడే కలుపుతారు, లేదా కలిపేముందు పోషకాలు మళ్లీ నింపుతారు.

రోజూ నమూనా తీసి ట్రిపాన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. పొర చిరిగిన కణంలోకి రంగు వెళ్లి అది నీలంగా కనిపిస్తుంది. అయితే చావు నిశ్చయమైన కణానికీ కొంతకాలం పొర చెక్కుచెదరదు. అది తెల్లగానే ఉంటుంది. కాబట్టి రంగును ఒక్కదాన్నే నమ్మకుండా కణాల సైజు, ఆక్సిజన్ వాడకం కూడా గమనిస్తారు. చాలా ప్రొటీన్లకు వైరస్ కలిపిన 48 నుంచి 72 గంటల మధ్య కోత కోస్తారు. మరీ ఆలస్యం చేస్తే పగిలిన కణాల్లోంచి బయటపడిన ఎంజైములు, అంతదాకా కూడబెట్టిన ప్రొటీన్‌నే కొరికి ముక్కలు చేస్తాయి.