కోళ్ళ మేతయు, పెంటలోని భాస్వరమును



కోళ్ళ పెంట పైరునకు మంచి బలమని మీకు నేను చెప్పనక్కఱలేదు. అయితే ఆ బలము కోడి కడుపున పుట్టినది కాదు. మేతలో నున్నదే పెంటలోనికి వచ్చును. అందు ముఖ్యమైనది భాస్వరము. అది పెంటలో నేయే రూపముల నుండునో, మేతనుబట్టి ఆ రూపములెట్లు మాఱునో నేడు మనవి చేసెదను.

మొక్కజొన్న, తవుడు, నూనెగింజల పిండి కోళ్ళ దాణాలో ప్రధానములు. వీనిలోని భాస్వరమున ఇంచుమించు మూడింట రెండు వంతులు ఫైటేటు అను రూపమున బిగిసియుండును. విత్తనము తాను మొలకెత్తు దినమునకై తాళము వేసి దాచుకొన్న ధనమది. ఆ తాళమునకు చెవి ఫైటేజు అను జీర్ణకారి పదార్థము. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు దీనిని తయారుచేయును. కావున గేదెకు తవుటిలోని భాస్వరము దక్కును. కోడి కడుపున నీ పదార్థము చాలినంత లేదు. అందుచే ఫైటేటులో పెద్దభాగము పెంటపాలగును.

ఈ లోటు తీర్చుటకు దాణాలో డైకాల్షియం ఫాస్ఫేటు వంటి ఖనిజమును కలుపుదురు. అవసరమునకు మించినచో అదియు పెంటలోనే చేరును. కావున పెంటలో రెండు తెగల భాస్వరమున్నది. ఫైటేటు నేలలోని ఇనుమును, అల్యూమినియమును గట్టిగా పట్టుకొని, సూక్ష్మజీవులు విడదీసినకొలది మెల్లగా పైరున కందును. ఖనిజ ఫాస్ఫేటులో కొంత నీటిలో వెంటనే కరగును. పైరునకు త్వరగా నందును, వానకు త్వరగా కొట్టుకొనిపోవును. గ్రుడ్ల కోళ్ళకు సున్నపురాయి పొడి, ఆల్చిప్పల పొడి విశేషముగా పెట్టుదురు గనుక, వాని పెంటలో మెల్లగా కరగు కాల్షియం ఫాస్ఫేటులు హెచ్చు.

అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, చెసపీకు అఖాతపు తూర్పు తీరమున, కోళ్ళ పరిశ్రమ దట్టముగా నున్నది. పెంటను దూరము మోయుట ఖర్చు గనుక సమీపపు పొలములకే ఏండ్ల తరబడి వేసిరి. నేలలో పేరుకొన్న భాస్వరము వాననీటితో నదులలో చేరి నాచును పెంచెను. 1997లో అచ్చటి నదులలో చేపలు చచ్చి తేలుటతో ప్రజలు కలవరపడిరి. 1998లో ఆ రాష్ట్రము శాసనము చేసి, కోళ్ళ దాణాలో ఫైటేజు గాని, పెంటలోని భాస్వరమును తగ్గించు వేఱొక పదార్థము గాని కలుపవలెనని విధించెను.

ఇందొక మెలిక కలదు. ఫైటేజు కలిపియు, ఖనిజమును పూర్వమువలెనే కలిపినచో, పెంటలో మొత్తము భాస్వరము తగ్గదు. పైగా నీట కరగు భాగము పెరుగవచ్చును. పెట్టె తాళము తీసిన పిదప అప్పు తెచ్చుట యెందుకు? ఫైటేజు విడిపించినంత మేర ఖనిజమును తగ్గింపవలెను. అప్పుడు దాణా ఖర్చును, పెంటలోని భాస్వరమును రెండును తగ్గును.

మన గోదావరి జిల్లాలలోను వేలకొలది కోళ్ళుగల ఫారములున్నవి. పెంట కొనునపుడు, దాణాలో ఫైటేజు కలిపిరా, ఖనిజమును తగ్గించిరా యని యడుగుడు. నత్రజని లెక్క మాత్రమే చూచి ఏటేట పెంట తోలినచో, పైరు తీసికొనలేని భాస్వరము నేలలో మిగులును. కావున భూసార పరీక్ష చేయించి వేయుడు. చెరువు గట్టున కుప్పపోయకుడు. పెద్దవాన రాబోవు వేళ చల్లకుడు. చల్లినదానిని వెంటనే దున్ని మట్టిలో కలుపుడు.

పెంట ఒకని సొత్తు, చెరువు ఊరందఱి సొత్తు. ఒకటి రెండవదానిని చెఱుపకుండ చూచుట పెద్దల పని. సెలవు.