మంచె ఎక్కినవాడు దిగేదాకా భయమే

మెట్‌పల్లి: గోదావరికి ఇవతల మల్లాపూర్, ఇబ్రహీంపట్నం. అవతల ఖానాపూర్, కడెం, వాటి వెనుక కవ్వాల్ అడవి. ఈ రెండు ఒడ్డులకూ తెలిసిన వస్తువు మంచె. ఇవతల పసుపు చేలల్లో అంతరపంటగా వేసిన మక్క పాలు పోసుకునే రోజుల్లో రైతు నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, రాత్రంతా అడవి పందులకు కాపలా కాస్తాడు. అవతల ఒకప్పుడు ఆ మంచెనే చెట్ల కొమ్మల మధ్య కట్టి, దుప్పుల కోసం, పులుల కోసం తుపాకులతో కూర్చునేవారు. నిజాం కాలంలో నవాబులకు, ఆంగ్లేయ అధికారులకు ఆదిలాబాద్ అడవులంటే షికారు అడవులే.

ఆ షికారు రోజులు పోయాయి. 1970లో దేశమంతటా పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేటకు ఉన్న దారులన్నీ మూసుకుపోయాయి. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యంగా మారింది. పంటను పాడుచేసే పందిని కాల్చాలన్నా అధికారుల అనుమతి లేనిదే కుదరదు. వేట పోయినా మంచె మాత్రం పోలేదు. చేనులో కాపలాకు, అడవిలో జంతువులను చూడడానికి ఇప్పటికీ దాన్ని ఎక్కేవారున్నారు. వేటగాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్న సంగతులు వీరికీ పనికొస్తాయి.

షికారు కథల్లో పులి ఎన్ని అడుగులుందో తప్పకుండా చెబుతారు. మంచె మీది నుంచి జారిపడిన సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. అమెరికాలో నేటికీ చెట్ల మీద కూర్చుని జింకలను వేటాడే అలవాటుంది. అక్కడ వేటకు వెళ్లి గాయపడేవారిలో చెట్టు మీది నుంచి పడినవారే ఎక్కువగా కనిపిస్తారు. వీరిలో చాలామంది ఎక్కేటప్పుడో, దిగేటప్పుడో, నిచ్చెన మీది నుంచి మంచె మీదకు కాలు మార్చేటప్పుడో పడినవారు. ఆ సమయంలో మృగం దరిదాపుల్లో కూడా ఉండదు.

అసలు తప్పు చాలాసార్లు చెట్టును ఎంచుకోవడంలోనే జరుగుతుంది. నేరేడు కొమ్మ చూడడానికి లావుగా ఉంటుంది, బరువు పడితే చెప్పకుండా విరుగుతుంది. ఊళ్లలో నేరేడు పండ్లకు ఎక్కి చేతులు విరగ్గొట్టుకున్న పిల్లలను చూస్తూనే ఉంటాం. మునగ సంగతి చెప్పనక్కర్లేదు. మామిడి గట్టిదే కాని ఎర్రచీమల గూళ్లుంటాయి. చీకట్లో వాటి మీద చెయ్యి పడిందా, రెండు చేతులూ వదిలేయాల్సిందే. తేనెపట్టు ఉన్న చెట్టయితే పొగ తగిలినా, కొమ్మ అదిరినా ఈగలు లేస్తాయి. పన్నెండు అడుగుల ఎత్తులో ఈగలు ముసిరితే మనిషి దిగడు, దూకుతాడు. పగటి వెలుగులో చెట్టంతా ఒకసారి కలియజూస్తే తప్పే ప్రమాదాలివి.

ఎత్తు విషయంలోనూ పొరపాటు పడతారు. మరీ కిందకు కడితే పులికి అందుతుంది. అది వెనక కాళ్ల మీద నిలబడితే ఎంత ఎత్తుకు అందుకోగలదో చూసినవారికే తెలుస్తుంది. మరీ పైకి కడితే పడినవాడు బతకడు. ఇంత చేసినా చిరుతకు, ఎలుగుకు చెట్టెక్కడం వచ్చు. ఇప్పపూలు రాలే కాలంలో ఇప్పచెట్టు మీద మంచె కట్టడమంటే ఎలుగును పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడమే.

తుపాకీ చేసిన చేటు వేరు. భర్మార్ తుపాకీకి మందు దట్టించి, పైన టోపీ పెట్టి, భుజాన వేసుకుని చెట్టెక్కడం కంటే మూర్ఖత్వం లేదు. గుర్రానికి చిన్న కొమ్మ తగిలినా చాలు. తెలిసినవారు తుపాకీని ఖాళీ చేసి, కిందనే వదిలి, తాము ఎక్కి సర్దుకుని కూర్చున్నాక తాడుతో పైకి లాక్కునేవారు, గొట్టం కిందికి ఉండేలా. దిగేటప్పుడు ముందు తుపాకీ, తర్వాత మనిషి. చేనులో గొడ్డలి, బరిసె పట్టుకుని మంచె ఎక్కే రైతుకూ ఇదే పద్ధతి మేలు.

ఇక తొందర. గాయపడిన మృగాన్ని వెతకడానికి రాత్రికి రాత్రే దిగినవాళ్లు తిరిగి రాని సందర్భాలు వేట చరిత్రలో కొల్లలు. ఉత్తరాదిన రుద్రప్రయాగలో 125 మందిని చంపిందని లెక్కకెక్కిన చిరుతను జిమ్ కార్బెట్ 1926 మేలో మామిడి చెట్టు మీది మంచె నుంచే కాల్చాడు. కింద కట్టిన మేక మెడలో గంట మోగగానే దీపం వేసి పేల్చాడు. గుండు తగిలిందో లేదో తెలియలేదు, దీపం కూడా ఆరిపోయింది. అంతటి వేటగాడు కూడా దిగలేదు. వెలుతురు వచ్చేదాకా చెట్టు మీదే ఉన్నాడు. తెల్లారి చూస్తే చిరుత కొంత దూరంలో చచ్చిపడి ఉంది.

మన దగ్గర ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. 2020 నవంబర్‌లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. పులిని మత్తు సూదితో పట్టడానికి 2021 జనవరిలో బెజ్జూర్ మండలం కంది భీమన్న అడవిలో అటవీశాఖ మంచెలు కట్టించింది. మహారాష్ట్ర నుంచి నిపుణులు వచ్చారు. ఎరగా పశువులను కట్టారు. రోజుల తరబడి కాపు కాసినా పులి చిక్కలేదు. సిబ్బందిని తప్పుపట్టడం సులువే. మత్తు సూది తుపాకీ గుండులాంటిది కాదన్నది మరిచిపోకూడదు. బాగా దగ్గర నుంచే వేయాలి. తగిలాక పులి పడిపోవడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో అది పొదల్లోకి పోతే చీకట్లో వెతికేదెవరు? వెలుతురు చాలనప్పుడు సూది వేయకపోవడం చేతకానితనం కాదు.

మళ్లీ మన చేల దగ్గరకు వద్దాం. మక్క కాపలా మంచె మీద మొదటి శత్రువు నిద్ర. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు లేనిదే నేల విడవడు. అయినా పడిపోయేవారున్నారని 2024లో ప్రభుత్వం వారికి కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తెల్లవార్లూ కునికిపాట్లు పడే కాపలా మనిషికి నడుముకు తాడు కూడా ఉండదు. తాడు కట్టుకున్నా ఒక జాగ్రత్త ఉంది. పడి బెల్టుకు కదలకుండా వేలాడితే నెత్తురు కాళ్లలోకి దిగి కొద్దిసేపట్లోనే ప్రాణం మీదకు వస్తుంది. అందుకే కాలు మోపడానికి మరో తాడు ఉచ్చులా అందుబాటులో వేలాడదీసుకోవాలి.

రెండో శత్రువు పిడుగు. కంకి గట్టిపడేదీ ఉరుములు ఉరిమేదీ ఒకే కాలం. బయలు చేనులో అందరికంటే ఎత్తున ఉండేది మంచె. మబ్బు కమ్మితే పంటను పందులకు వదిలి ఇంటికి పోవడమే. ఒంటరి చెట్టు కిందకు చేరితే పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టే.

ఈ కష్టమంతా ఎందుకని కొందరు మంచె మానేసి చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. అది నేరం. పంది కోసం వేసిన తీగకు పులులూ బలవుతున్నాయి. 2025 మేలో పెంచికల్‌పేట మండలం అడవిలో కరెంటు తీగ తగిలి పులి చనిపోయింది. మనుషులూ, పశువులూ పోయిన ఊళ్లున్నాయి. తీగకు పంది ఏదో, మనిషి ఎవరో తెలియదు. తెల్లవారుజామున మోటారు వేయడానికి ఆ చేనులోకి మొదట పోయేది రైతే.